తలుపు లాగకండి

జూన్ 3, సోమవారం

అన్నయ్యా,

ముందు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టు. పెట్టావా? నాకు ఇంకో ఉద్యోగం వచ్చింది. శని ఆదివారాలు మాత్రమే, ఎనిమిది వారాలు. లిఫ్టుల కంపెనీ ఆఫీసులో, రిసెప్షన్‌లో.

ఇప్పుడు నువ్వు ఏమంటున్నావో నాకు ఇక్కడికే వినిపిస్తోంది. నత్తి ఉన్న మనిషి, యాభై నాలుగేళ్ళ వయసులో, ఫోన్లు ఎత్తే కుర్చీలో కూర్చోవడమేమిటని. ఆ మాట మేనేజరమ్మకి నేనే ముందు చెప్పాను. ఆవిడ, "ఇక్కడ ఫోన్ ఎత్తిన ప్రతిసారీ ముందు కంపెనీ పేరు, తర్వాత మీ పేరు చెప్పాలండీ. అది రూలు" అంది. నా పేరు చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమండీ అన్నాను. ఆ ఒక్క ముక్క పూర్తి చేయడానికి ఎంతసేపు పట్టిందో ఆ గోడ గడియారానికే తెలుసు. ఆవిడ చివరిదాకా విని, "శని ఆదివారాల అమ్మాయి కాన్పుకెళ్ళింది. నాలుగు వారాలుగా నేనే కూర్చుంటున్నాను. వచ్చేయండి" అంది. నా ప్రతిభ కంటే ఆవిడ అలసటే నాకు ఉద్యోగం ఇప్పించిందనుకో.

ఎందుకీ వెర్రి అంటావా? చెప్తాను. కిందటి నెల బస్సులో టికెట్ అడుగుతుంటే నా మాట పెగల్లేదు. కండక్టర్ జాలిపడి ఏదో స్టాపు పేరు తనే చెప్పి టికెట్ చింపేశాడు. అది నా స్టాపు కాదు. కాదని చెప్పడం కంటే నడవడం తేలికనిపించి, అక్కడే దిగి రెండు మైళ్ళు నడిచాను. నడుస్తూ ఏడ్చాను కూడా. ముప్పై ఏళ్ళుగా లైబ్రరీ వెనక గదిలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తూ, జనం నోటికి అందించిన స్టాపుల్లో దిగుతూ బతికాను. ఇక చాలు.

నువ్వు మాత్రం ఇందులో వేలు పెట్టొద్దు. వదినకి చెప్పు, ఆవిడ సంతోషిస్తుంది.

మీ చెల్లి (కొత్త హోదాలో)


జూన్ 6, గురువారం

చెల్లాయ్,

నీ హెచ్చరిక చదివేసరికే గ్లాసు ఒలికింది. బనీను మీద మరక పోలేదని మీ వదిన సణుగుతోంది.

లిఫ్టు లోపల రోజంతా నిలబడి బటన్లు నొక్కే పనా? నీ మోకాళ్ళ సంగతి ఆలోచించావా? పైకీ కిందకీ తిరిగితే కళ్ళు తిరుగుతాయి. అందులో మళ్ళీ ఫోన్లు కూడా ఎత్తాలా!

నేను వేలు పెట్టడం లేదు. చెప్తున్నానంతే. ఒకటో తరగతిలో మాస్టారు హాజరు పిలిస్తే, ఐదో తరగతి గదిలోంచి పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి నీ పేరు చెప్పి "ఉందండీ" అని అరిచినవాణ్ణి. రోజూ! అందుకు రోజూ తన్నులు తిన్నవాణ్ణి. నీ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? నాకొక ఉపాయం తోచింది. ఎలాగూ రిటైరైన డ్రిల్లు మాస్టర్ని, ఖాళీగా ఉన్నాను. ఎనిమిది వారాలే కదా, నేనొచ్చి నీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఫోన్ మోగితే నేను ఎత్తుతాను, నువ్వు రాసుకో. జీతం నీదే. ఎవరికీ నష్టం లేదు.

ఇంకో కాగితం మీద ఊపిరి కసరత్తులు రాసి పెట్టాను. రోజూ ఉదయం ఇరవైసార్లు, వెన్ను నిటారుగా.

అన్నయ్య

వెనకవైపు మీ వదిన రాస్తానంటోంది: "నువ్వు వెళ్ళమ్మా. ఈయన్ని నేను పట్టుకుంటాను."


జూన్ 10, సోమవారం

అన్నయ్యా,

లిఫ్టు లోపల కాదు. మెట్ల పక్కన గది, కుర్చీకి మెత్త కూడా ఉంది. నా మోకాళ్ళు క్షేమం. స్టూలు వద్దు, నువ్వూ వద్దు.

ఈ కాగితం పైన అడ్డంగా అచ్చుపడిన ఆఫీసు పేరు, ఫోన్ నంబరు చూసి ఉంటావు. అచ్చు వంకర పోయిందని పారేస్తుంటే కట్టలు కట్టలు తెచ్చుకున్నాను. ఇక మన ఉత్తరాలన్నీ వీటి మీదే.

పని చెప్తాను విను. లిఫ్టు ఆగిపోతే జనం ఇక్కడికి ఫోన్ చేస్తారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాయాలి, తిరిగి చదివి వినిపించాలి. తెల్ల కాపీ ఎవరికి చెందాలో వాళ్ళ ట్రేలో వేయాలి. కింద కార్బన్‌తో పడిన పసుపు కాపీ ఫోన్ చేసినవాళ్ళకి పోస్టులో వెళ్తుంది, మీ మాట అందిందని రుజువుగా. రాయడం, చదవడం నాకు బాగానే వస్తాయి. రాసింది చదివేటప్పుడు మాట అంతగా ఆగదు కూడా. ఎటొచ్చీ పేరు దగ్గరే వస్తుంది తంటా. శనివారం కంపెనీ పేరు చెప్పి "నేను" అని ఆగిపోతే ముగ్గురు ఫోన్ పెట్టేశారు. నాలుగో ఆయన "లైను బాగాలేదమ్మా" అని తిట్టి పెట్టేశాడు. లైనుకేం, భేషుగ్గా ఉంది.

సెలవు రోజుల డ్యూటీ మెకానిక్ ఒకాయన ఉంటాడు. ఎప్పుడూ చేతిలో పానా ఉంటుంది కాబట్టి అందరూ ఆయన్ని పానా అనే పిలుస్తారు. ఆదివారం ఒక ఫోన్‌కి నేను నానా అవస్థా పడుతుంటే బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. నవ్వలేదు, మాట అందించనూ లేదు. తర్వాత తన పని గురించి చెప్పాడు. "లిఫ్టు ఇరుక్కుంటే అందరూ చేసే తప్పు తలుపు లాగడమేనండీ. లాగితే ఇంకా బిగుస్తుంది. పైకెక్కి, బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పుకుంటూ మెల్లగా దించుకోవాలి. లోపలున్నవాళ్ళకి మీరు చెప్పాల్సింది ఒకటే. తలుపు లాగకండి, వస్తున్నారు." ఆ మాట కాగితం మీద రాసుకుని ఫోన్ ఎదురుగా అంటించాను.

నీ కసరత్తులు చేశాను. ఇరవై కాదు, ఆరు. పక్కింటావిడ కంగారుపడి తలుపు కొట్టింది.

చెల్లి


జూన్ 14, శుక్రవారం

చెల్లాయ్,

నలుగురు ఫోన్ పెట్టేశారా? వాళ్ళ పేర్లు రాసుకున్నావా? రాసుకోకపోతే ఇకమీద రాసుకో.

ఆ పానా ఎవడు? ఆడమనిషి అవస్థ పడుతుంటే బెంచీ మీద కూర్చుని వేడుక చూస్తాడా? సాయం చెయ్యాలని తెలీదా? మీ వదినేమో, "ఆయనకి పెళ్ళయిందా అడగండి" అంటోంది. ఈ ఇంట్లో నేను ఒకటంటే ఆవిడ పది అంటుంది.

నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. ఇది మొండితనం అమ్మా. నీ మంచికే చెప్తున్నాను, మానేయ్.

అన్నయ్య


జూన్ 24, సోమవారం

అన్నయ్యా,

పానాకి మనవలున్నారు. వదిన నిరాశపడకూడదు.

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. రాయకపోతే నువ్వు ఊహించుకుని గోరంతలు కొండంతలు చేస్తావని రాస్తున్నాను. నా మీద ఫిర్యాదు వచ్చింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఒకాయన రాతపూర్వకంగా పంపాడు: "మీ కౌంటర్లో మాట రాని మనిషిని కూర్చోబెట్టారు." మేనేజరమ్మ ఆ కాగితం నా ముందు పెట్టి, "ఇంకొక్కటి ఇలాంటిది వస్తే నేను పైవాళ్ళకి జవాబు చెప్పుకోలేనండీ. వేరే మనిషిని చూసుకోవాలి" అంది. కసురుకోలేదు. అదే ఇంకా బాధ. కసురుకుని ఉంటే నాకూ కోపం వచ్చేది.

"ప్రస్తుతానికి పేరు వదిలేయండి, కంపెనీ పేరు చెప్పి రిసెప్షన్ అనండి చాలు" అని కూడా అంది. సరేనన్నాను. శనివారం మధ్యాహ్నం నుంచి అలాగే అంటున్నాను. పని సాఫీగా సాగుతోంది. కానీ ప్రతిసారీ తల కొట్టేసినట్టుంది. ఆ కుర్చీలో ఎవరో ఉన్నారు, ఆవిడకి పేరు లేదు.

ఎనిమిదో వారం లోపల నా పేరు చెప్పి తీరతాను. ఇంట్లో తలుపులు వేసుకుని అద్దం ముందు సాధన చేస్తున్నాను. రాసి పెట్టుకో.

చెల్లి


జూన్ 27, గురువారం

చెల్లాయ్,

నువ్వేమీ దిగులు పడకు. నేనున్నాను కదా. అన్నీ సర్దుకుంటాయి.

ఇక్కడ అంతా బాగున్నాం. ఎండలు తగ్గాయి.

అన్నయ్య


జూన్ 30, ఆదివారం

అన్నయ్యకి,

దీంతో పాటు ఒక పసుపు కాపీ జత చేశాను. కార్బన్ సరిగ్గా పడలేదేమోనని కింద మళ్ళీ రాస్తున్నాను.

సమయం: శనివారం ఉదయం 11.20. ఎవరికి: మేనేజర్ గారికి. పంపినవారు: ఇక్కడ పనిచేసే రిసెప్షనిస్టు అన్నయ్య, రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. విషయం: "మా చెల్లెలికి పాపం నోరు తిరగదండీ. మొండికేసి చేరింది. దాన్ని ఫోన్ దగ్గర కూర్చోబెట్టకండి, వెనక గదిలో ఏదైనా రాతపని ఇవ్వండి. దాన్ని చూసి నలుగురూ నవ్వడం నేను చూడలేను. నేను చెప్పినట్టు దానికి తెలియనివ్వకండి."

నువ్వు చెప్పింది చెప్పినట్టు రాశాను. తిరిగి చదివి కూడా వినిపించాను, గుర్తుందా? నువ్వు "కరెక్టే" అన్నావు. ఆ తర్వాత ఒక మాటన్నావు, అది చీటీలో రాయలేదు. "భలే స్పష్టంగా మాట్లాడుతున్నారమ్మా మీరు. మా చెల్లెలు మీలా మాట్లాడగలిగితే నాకీ బాధ ఎందుకు?"

అన్నయ్యా, అది నేను.

నీ గొంతు మొదటి అక్షరానికే పట్టాను. మూడు మైదానాల అవతలికి వినిపించే గొంతు అది, పట్టకుండా ఎలా ఉంటాను? నువ్వు నా గొంతు పట్టలేదు. నేనెత్తితే ఎలాగూ ఆగిపోతాను, వెంటనే పెట్టేద్దామనుకుని ఉంటావు, ఆగకపోయేసరికి ఇంకెవరో అనుకున్నావు. పట్టేటంత ఎప్పుడు విన్నావు గనుక? ఫోన్‌లో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నప్పుడు సగం మాట నాది, మిగతా సగం నీది. "చెప్పండి", "రాసుకుంటున్నాను", "తిరిగి చదువుతాను" అన్న ముక్కలు వారాల తరబడి నలిగి నలిగి తేలికయ్యాయి. ఆ రోజు కోపం కూడా తోడయింది. దానికే నా నత్తి పోయిందనుకోకు. నీ తర్వాత వచ్చిన ఫోన్‌కే "మూడో అంతస్తు" దగ్గర ఇరుక్కుపోయాను.

నాకు చాలా కోపంగా ఉంది. జాలిపడే కండక్టర్ మీద కూడా ఇంత కోపం రాలేదు. వెనక గది అట! ముప్పై ఏళ్ళు నేనున్నది ఎక్కడనుకున్నావు?

ఆ చీటీ చించేద్దామని రెండుసార్లు చెయ్యి పోయింది. ఎవరూ చూడలేదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఉద్యోగం ఉండదని తెలుసు. కానీ చెప్పిన మాట చేర్చడమే నా పని. నాకు నచ్చని మాటలు దాచేసేదాన్నయితే ఆ కుర్చీలో కూర్చోకూడదు. తెల్ల కాపీ మేనేజరమ్మ ట్రేలో వేశాను.

చెల్లెలు


జూలై 4, గురువారం

చెల్లాయ్,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. జీవితంలో మొదటిసారి నాకు మాట పెగలడం లేదు.

మీ వదిన చీటీ చదివి, మడిచి, రేడియో మీద పెట్టి, రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది, పలకకుండా.

నేను మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకుంటాను. అది కూడా వేలు పెట్టడమేనా? అయితే చేయను. నువ్వు చెప్పు, ఏం చేయమంటే అది చేస్తాను.

ఒక్కటి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నువ్వు పుట్టినప్పుడు ఆ పేరే పెట్టాలని మారాం చేసింది నేను. నాన్న వేరే పేరనుకున్నారు. నేను అన్నం మానేసి సాధించాను. తర్వాత ఒకటో తరగతిలో అదే పేరు దగ్గర నువ్వు ఆగిపోయావు. పిల్లలు నవ్వారు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. ఇంత కష్టమైన పేరు నీకు తగిలించింది నేనే కదా అనిపించింది. అందుకే నేనే చెప్పేవాణ్ణి. మొదట నీకోసం. తర్వాత తర్వాత, నిజం చెప్పాలంటే, ఆ ఆగడం నేను భరించలేక. నాకు భయం, నీకు కాదు.

ఆ గొంతు చాలా బాగుంది చెల్లాయ్. పరాయి మనిషిదనుకుని మెచ్చుకున్నాను కాబట్టి నమ్ము.

అన్నయ్య


జూలై 8, సోమవారం

అన్నయ్యా,

నాకు నా పేరంటే ఇష్టం. కష్టమైతే అయింది. ఇంకో పేరు పెట్టినా దాని దగ్గరే ఆగేదాన్ని. ఆ బరువు దించేసుకో.

వదినని ఇక మాట్లాడమని చెప్పు. నేను చెప్పానని చెప్పు.

ఇక ఇక్కడి సంగతి. శనివారం మేనేజరమ్మ పని గట్టుకుని వచ్చింది, చేతిలో తెల్ల కాపీ.

"ఇది రాసింది మీరే కదా?"

"నేనేనండి."

"ఇందులో ఉన్నది మీ గురించే కదా?"

"నా గురించేనండి."

"చించేసి ఉంటే నాకు తెలిసేదే కాదు."

నాకు మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఆగింది. "నా... నాకొచ్చింది కాదండీ అది, మీ... మీకొచ్చింది" అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "కాన్పుకెళ్ళిన అమ్మాయి ఇక రానని రాసింది. నాకు మనిషి కావాలి, మీలాంటి మనిషే కావాలి. కానీ రూలు నాకోసం మారదు, మీకోసమూ మారదు. ఎనిమిదో ఆదివారం నేనొచ్చి పక్కన కూర్చుంటాను. ఆ రోజు మొదటి ఫోన్‌కి కంపెనీ పేరు, మీ పేరు చెప్పండి. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు, పూర్తిగా చెప్పాలి. చెప్తే ఈ కుర్చీ మీదే. లేకపోతే నేనింకేమీ చేయలేను" అంది. ఆదివారం ఒక తెలియని ఆయన దగ్గర అప్పుడే ప్రయత్నించాను. సగంలో పెట్టేశాడు. మళ్ళీ ప్రయత్నిస్తాను.

ఏం చేయమంటే అది చేస్తానన్నావు కదా. జూలై 28, ఆదివారం, ఉదయం తొమ్మిది కొట్టగానే ఆ మొదటి ఫోన్ నువ్వే చెయ్యాలి. మేనేజరమ్మకి ఈ సంగతి చెప్పాను, దొంగాట కాదు. "మీ అన్నయ్య అయితే తేలిక కదా" అందావిడ. ఆవిడకేం తెలుసు! పరాయివాళ్ళు విసుక్కుని పెట్టేస్తారు, అంతే. నువ్వు అందించేస్తావు. లోకంలో నేను పేరు చెప్పడానికి అందరికంటే కష్టమైన మనిషివి నువ్వే.

నువ్వు అందించకూడదు. దగ్గకూడదు. "ఊఁ, చెప్పు చెప్పు" అనకూడదు. ఫోన్ పెట్టకూడదు. నువ్వు ఒక్క అక్షరం అందించినా ఆ రోజు నా ఉద్యోగం పోతుంది.

చెల్లి


జూలై 28, ఆదివారం

చెల్లాయ్,

నువ్వు ఫోన్ పెట్టేసి పది నిమిషాలు కూడా కాలేదు. ఫోన్ పక్కనే నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

ఎనిమిదిన్నరకే ఫోన్ ముందు నిలబడ్డాను. మీ వదిన పక్కనే తువ్వాలు పట్టుకుని ఉంది. ఎందుకంటే, "మీరు నోరు తెరిస్తే కుక్కడానికి" అంది. మాట్లాడుతోంది కాబట్టి సంతోషించాను.

తొమ్మిది కొట్టింది. రెండుసార్లు మోగింది. కంపెనీ పేరు చక్కగా చెప్పావు. తర్వాత "నేను" అన్నావు. ఆగింది.

ముప్పై ఏళ్ళు పిల్లల్ని అటెన్షన్‌లో నిలబెట్టాను. అది ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. నీ ఊపిరి వినిపిస్తోంది. మొదటి అక్షరం దగ్గర తట్టుకుంటున్నావు, వెనక్కి వెళ్తున్నావు, మళ్ళీ వస్తున్నావు. నీ పేరు నా నాలుక మీదే ఉంది. నేను ఏరి పెట్టిన పేరు! గోడ గడియారం ముల్లు చూస్తూ నిలబడ్డాను. ఐదు. పది. మీ వదిన తువ్వాలు ఎత్తింది. అక్కర్లేదని సైగ చేశాను, పళ్ళు బిగించి ఉన్నాను. పద్నాలుగు దగ్గర, ఇక లాభం లేదు, చెప్పేద్దాం, పాపం అనిపించింది. నువ్వు ఫోన్ ఎదురుగా అంటించుకున్న మాట గుర్తొచ్చింది. తలుపు లాగకండి, వస్తున్నారు. నాకు నేనే చెప్పుకున్నాను, రెండుసార్లు.

పంతొమ్మిదో సెకనుకి వచ్చింది. మొత్తం పేరు. ఇంటిపేరుతో సహా!

నాకు మతిపోయింది. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నదంతా ఎగిరిపోయింది. నువ్వేమో తొణకకుండా, "ఎవరితో మాట్లాడాలండీ?" అన్నావు. "మీతోనే" అన్నాను. ఆపైన ఏడ్చేశాను. నీకు వినిపించిన ఆ చప్పుడు లైనుది కాదు. తువ్వాలు చివరికి దానికే పనికొచ్చింది.

ఆవిడ ఏమంది? వెంటనే రాయి.

అన్నయ్య


జూలై 29, సోమవారం

అన్నయ్యా,

ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, గోడ మీద డ్యూటీ చార్టులో శని ఆదివారాల గడిలో పెన్సిల్‌తో ఉన్న నా పేరు చెరిపేసి, పెన్నుతో రాసింది. పానా వచ్చి చూసి, "స్పెల్లింగ్ సరిచూసుకోండి, మళ్ళీ మార్చరు" అని తన పనికి వెళ్ళిపోయాడు. వచ్చే శనివారం నుంచి తాత్కాలికం కాదు.

పంతొమ్మిది సెకన్లు కాదు, ఇరవై ఆరు. నా గడియారం ఆఫీసుది. నువ్వు ఇరవై ఆరు సెకన్లు మౌనంగా ఉన్నావంటే వదిన తప్ప ఎవరూ నమ్మరు.

ఆ తర్వాత ఆరు ఫోన్లు వచ్చాయి. మూడింటికి పేరు చెప్పాను, రెండింటికి సగంలో వాళ్ళు పెట్టేశారు. ఒకావిడ మాత్రం తన లిఫ్టు సంగతి మరిచిపోయి, "మెల్లగా చెప్పమ్మా, తొందరేం లేదు" అంది. ఆవిడ నాలుగో అంతస్తులో ఇరుక్కుని ఉంది.

సాయంత్రం బస్సులో నా స్టాపు పేరు నేనే చెప్పాను. వెనకాల వరసంతా విసుక్కుంది. విసుక్కోనీ.

రూలు ప్రకారం నీ ఫోన్‌కి కూడా చీటీ రాశాను:

సమయం: ఆదివారం ఉదయం 9.00. ఎవరికి: రిసెప్షనిస్టుకి. పంపినవారు: అన్నయ్య. విషయం: ఏమీ చెప్పలేదు. నేను పేరు చెప్పేదాకా లైనులో ఉన్నారు.

పసుపు కాపీ ఇందులో పెట్టాను. తెల్లది ఎవరి ట్రేలోనూ వేయలేదు. ఈసారి అది నాకొచ్చింది, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇట్లు,
రిసెప్షనిస్టు